మృతకర్ణం, సజీవకర్ణం: సంగీతశ్రవణ సిద్ధాంతాల చరిత్ర

వ్యాససంగ్రహం

చెవి స్వరాన్ని ఎలా గుర్తిస్తుందన్న ప్రశ్నకు 19వ శతాబ్ది మధ్యభాగం నుంచి వచ్చిన సమాధానాలను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. హెల్మ్‌హోల్ట్జ్ అనునాద సిద్ధాంతం, బెకెషీ ప్రయాణతరంగ సిద్ధాంతం, గోల్డ్ ప్రతిపాదించిన క్రియాశీలకర్ణ భావన, దానిని నిలబెట్టిన కెంప్ ప్రయోగం ఇందులో ప్రధానాంశాలు. ఒక్కొక్క పరిశోధకుడు ఏ స్థితిలో ఉన్న చెవిని పరీక్షించాడన్నదే అతని సిద్ధాంతాన్ని చాలావరకు నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సందర్భానుసారంగా భారతీయ శాస్త్రగ్రంథాలలోని శబ్దవిచారం, సి.వి. రామన్ వాద్యపరిశోధనలు ప్రస్తావనకు వస్తాయి.

కీలకపదాలు: కర్ణావర్తం, ఆధారత్వచం, రోమకణాలు, అనునాదం, శ్రుతి, బెకెషీ, గోల్డ్, కెంప్.

1. ఉపోద్ఘాతం

తంబురా శ్రుతి చేసుకునే విద్వాంసుడు బిరడాను కొద్దిగా తిప్పి ఆగుతాడు. మళ్లీ మీటి, తల వంచి విని, తీగ మీది పూసను వెంట్రుకవాసి జరుపుతాడు. పక్కన కూర్చున్నవారికి ఏ మార్పూ తెలియకపోవచ్చు. అతనికి మాత్రం ఆ రెండు నాదాల మధ్య తేడా స్పష్టంగా తెలుస్తుంది. సెకనుకు వెయ్యి కంపనాల ప్రాంతంలో రెండు మూడు కంపనాల తేడాను కూడా మానవకర్ణం పసిగడుతుంది. వినగలిగిన అతి మంద్రధ్వనికి కర్ణభేరి కదిలే దూరం హైడ్రోజన్ పరమాణువు వ్యాసం కన్నా తక్కువ. ఇంత సూక్ష్మమైన పని చేసే అవయవం బఠానీగింజకు మించని పరిమాణంలో, కణతఎముక లోపల, ద్రవంలో మునిగి ఉంది. ద్రవంలో మునిగిన తీగ సరిగా మోగదు. వీణను కోనేటిలో ముంచి మీటితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మరి చెవిలో ఏం జరుగుతోంది? శ్రవణశాస్త్రం ఈ చిక్కుముడి చుట్టూ దాదాపు నూటయాభై ఏళ్లు తిరిగింది.

2. భారతీయ గ్రంథాలలో శబ్దవిచారం

శబ్దం పుట్టినచోటి నుంచి చెవిదాకా ఎలా వస్తుందన్న ప్రశ్నను న్యాయవైశేషికులు చాలా ముందుగానే లేవదీశారు. నీటిలో అలను అల పుట్టించినట్లు శబ్దాన్ని శబ్దం పుట్టిస్తుందన్నది వీచీతరంగన్యాయం. కడిమిమొగ్గ అన్నివైపులా ఒక్కసారి విచ్చుకున్నట్లు శబ్దం దిక్కులన్నిటా వ్యాపిస్తుందన్నది కదంబముకుళన్యాయం. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికావ్యాఖ్యలో శబ్దాన్ని మూడు విధాలుగా విభజించాడు. భేరిని కర్ర తాకినప్పుడు పుట్టేది సంయోగజం, వెదురు చీల్చినప్పుడు పుట్టేది విభాగజం, భేరి ఉన్నచోటి నుంచి చెవివరకు వరుసగా పుట్టుకొచ్చేవి శబ్దజాలు. ఈ మతంలో శ్రోత్రేంద్రియం అంటే కర్ణశష్కులి చేత పరిమితమైన ఆకాశమే. శష్కులి అంటే చుట్టుతిరిగిన పిండివంట, మన చక్కిలానికి చుట్టం. చెవి వెలుపలి మెలికలను చూసి పెట్టిన ఆ పేరు లోపలి నత్తగుల్లకు ఇంకా బాగా నప్పుతుందన్న సంగతి వారికి తెలిసే అవకాశం లేదు.

సంగీతశాస్త్రంలో ఇంకొక ఊహ కనిపిస్తుంది. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో హృదయాన ఊర్ధ్వనాడిని అంటిపెట్టుకొని 22 అడ్డనాడులు ఉన్నాయనీ, వాటిని వాయువు తాకడం వల్ల క్రమంగా ఒకదానికన్నా ఒకటి హెచ్చైన 22 శ్రుతులు పుడుతున్నాయనీ చెప్పాడు. కంఠంలోనూ శిరస్సులోనూ అదే అమరిక. రాచకొండను ఏలిన రేచర్ల సింగభూపాలునిదిగా చెప్పే సంగీతసుధాకరం ఈ గ్రంథానికి వ్యాఖ్యానమే కనుక ఈ చర్చ తెలుగునేలకు కొత్తది కాదు. వరుసగా పేర్చిన, వేర్వేరు స్వరాలకు అమరిన తంతువులు శరీరంలో ఉన్నాయన్న ఈ భావనకూ, ముందు చెప్పుకోబోయే హెల్మ్‌హోల్ట్జ్ భావనకూ పైకి పోలిక కనిపిస్తుంది. ఆ పోలికను చూసి ఆధునిక శ్రవణశాస్త్రమంతా రత్నాకరంలోనే ఉందనడం సరికాదు. శార్ఙ్గదేవుడు చెప్పింది నాదం పుట్టే తీరు, వినే తీరు కాదు. అతని నాడులు శరీరపరీక్షలో దొరికినవి కావు, వీణపై శ్రుతులను నిర్ణయించే పద్ధతిని శరీరానికి అన్వయిస్తే వచ్చినవి. అతని ఘనత ఆ వీణాప్రయోగంలో ఉంది. ఒక్కొక్కదానికి 22 తీగలున్న రెండు వీణలు తీసుకొని, ఒకదానిని కదల్చకుండా ఉంచి, రెండోదానిని శ్రుతి తరువాత శ్రుతిగా దించుతూ, స్వరం స్వరంలో లీనమయ్యే చోటును చెవితోనే నిర్ణయించమన్నాడు. అక్కడ తుదితీర్పు చెవిదే.

3. కోర్టి కంబాలు, హెల్మ్‌హోల్ట్జ్ పియానో

లోపలిచెవి సూక్ష్మనిర్మాణాన్ని తొలిసారి వివరంగా చూసినవాడు ఇటలీకి చెందిన అల్ఫోన్సో కోర్టి. జర్మనీలోని వుర్జ్‌బుర్గ్‌లో కొలికర్ ప్రయోగశాలలో పనిచేస్తూ, కార్మైన్ అనే ఎర్రని రంగుతో కణజాలాన్ని అద్ది, సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, 1851లో తన ఫలితాలను ప్రకటించాడు. రెండున్నర చుట్లకు పైగా తిరిగిన కర్ణావర్తం లోపల పొడవునా ఒక పలుచని పొర ఉంది. అదే ఆధారత్వచం. సాగదీస్తే మనిషిలో సుమారు 35 మిల్లీమీటర్లు. దానిమీద వరుసలు తీరిన కణాలూ, వాటిమధ్య చిన్నచిన్న కంబాలూ ఉన్నాయి. కొలికర్ ఈ నిర్మాణానికి కోర్టి అవయవమని పేరుపెట్టాడు. కోర్టి మాత్రం వంశపారంపర్యంగా వచ్చిన జమీందారీ పదవి స్వీకరించి పరిశోధనకు స్వస్తి చెప్పాడు.

ఈ చిత్రాన్ని అందుకొని సంగీతానికి ముడిపెట్టినవాడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్. 1857లో బాన్‌లో చేసిన ఉపన్యాసంలో సూచించిన భావనను 1863లో వెలువడిన తన బృహద్గ్రంథంలో విస్తరించాడు. పియానోలో తీగలను అదిమిపట్టే మెత్తలను పైకెత్తి, దానిముందు ఒక స్వరం పాడితే, ఆ స్వరంలో ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో ఆయా తీగలే తిరిగి మోగుతాయి. చెవిలోనూ అలాంటి తీగలవరుస ఉందని అతని వాదం. మొదట కోర్టి కంబాలే ఆ తీగలనుకున్నాడు. పక్షుల చెవిలో ఆ కంబాలు లేవని తేలింది. కోకిల పాటను మరో కోకిల వింటున్నప్పుడు కంబాలు లేకుండా వినడమెలా? ఆ లోగా హెన్సెన్ ఆధారత్వచం మొదట ఇరుకుగా, చివరకు పోయేకొద్దీ వెడల్పుగా ఉందని కొలిచి చూపాడు. హెల్మ్‌హోల్ట్జ్ తన తీగలను కంబాల నుంచి ఆ పొరలోని అడ్డపోగులకు మార్చుకున్నాడు. ఆధారం మారినా సిద్ధాంతం మారలేదు. ఇరుకైన చోట తారస్వరాలు, వెడల్పైన చోట మంద్రస్వరాలు అన్న స్థాననియమం నేటికీ నిలిచి ఉంది. నిలవనిది పోగుల స్వతంత్రత. అవి విడివిడి తీగలు కావు, ఒకదానికొకటి అతుక్కున్న పొర. పైగా ఆ పొర ద్రవంలో ఉంది.

ఈ గ్రంథానికి అలెగ్జాండర్ ఎల్లిస్ ఆంగ్లానువాదం 1875లో వచ్చింది. తన జీవితాన్ని ప్రభావితం చేసిన మూడు పుస్తకాలలో ఒకటిగా సి.వి. రామన్ పేర్కొన్నది దీనినే. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు, ఫిడేలు వాయించేవాడు. రామన్ బాల్యవిద్య ఆ ఊరిలోనే సాగింది. ఆ ఇంటి సంగీతం, ఈ పుస్తకం తరువాత కలకత్తాలో వాద్యపరిశోధనలుగా ఫలించాయి.

4. లేని స్వరం వినిపించడం

హెల్మ్‌హోల్ట్జ్ సిద్ధాంతానికి మొదటి సవాలు అది పుట్టకముందే పుట్టింది. 1841లో ఆగస్ట్ జేబెక్ రంధ్రాల చక్రంతో పనిచేసే సైరన్‌తో ప్రయోగాలు చేసి, ప్రాథమిక పౌనఃపున్యం చాలా బలహీనంగా ఉన్న ధ్వనిలో కూడా ఆ ప్రాథమిక స్వరమే చెవికి బలంగా వినిపిస్తోందని గమనించాడు. విద్యుచ్ఛాస్త్రంలో పేరుమోసిన గియోర్గ్ ఓమ్ 1843లో దానికి అడ్డుచెప్పాడు. ధ్వనిలో ఏ పౌనఃపున్యం ఉంటే ఆ స్వరమే వినిపిస్తుంది, జేబెక్ విన్నది చెవి భ్రమ అన్నాడు. స్వరంలో ఏది భాగమో చెవి కాక మరేది తేల్చగలదని జేబెక్ ఎదురు ప్రశ్న వేశాడు. 1849లో అతను చనిపోయాడు. హెల్మ్‌హోల్ట్జ్ ఓమ్ పక్షం వహించడంతో వాదం అక్కడితో మూతపడింది. శాస్త్రచరిత్రలో గెలిచినవారి పేరుబలం వల్ల మరుగునపడిన సరైన పరిశీలనలకు ఇది మంచి ఉదాహరణ.

ఈ విషయాన్ని 1938 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో, ఫిలిప్స్ ప్రయోగశాలలో, స్కౌటెన్ తిరిగి తెరిచాడు. ప్రాథమికాన్ని పూర్తిగా తీసివేసినా స్వరస్థాయి మారలేదని చూపాడు. నిత్యజీవితంలో దీనికి సాక్ష్యం టెలిఫోను. సంప్రదాయిక టెలిఫోను తీగ 300 హెర్ట్జ్‌కు దిగువనున్న ధ్వనులను దాదాపు పంపదు. పురుషుని కంఠం ప్రాథమికం సుమారు 100 నుంచి 120 హెర్ట్జ్. అంటే తండ్రి గొంతులోని మూలస్వరం ఫోనులో రానేరాదు. అయినా అవతలి బిడ్డకు అది తండ్రి గొంతుగానే వినిపిస్తుంది. 200, 300, 400 అన్న వరుస వింటే దానికి మూలం 100 అని లోపల ఎక్కడో లెక్క జరుగుతోంది. ఒక్కొక్క తీగ ఒక్కొక్క స్వరాన్ని మోస్తుందన్న పియానో నమూనాలో ఈ లెక్కకు చోటులేదు.

భారతీయ వాద్యాల నిర్మాతలు ఈ సంగతిని సూత్రంగా చెప్పకపోయినా చేతిపనిలో ఉపయోగించుకున్నారు. తంబురా మెట్టుపై తీగకింద ఉంచే జీవాళి దారం తీగను మెట్టుకు పదేపదే తాకిస్తుంది. దానివల్ల అనుస్వరాలు సమృద్ధిగా పుడతాయి. తంబురా, వీణల మెట్ల ఈ ప్రత్యేకతను రామన్ 1920ల ఆరంభంలో వివరించి, తీగను మీటిన బిందువును బట్టి కొన్ని అనుస్వరాలు పుట్టకూడదన్న పాత నియమాన్ని ఈ వాద్యాలు ఉల్లంఘిస్తున్నాయని చూపాడు. తోలువాద్యాల విషయం మరీ విశేషం. మామూలు చర్మపుమూతలో పుట్టే కంపనాల మధ్య సరళమైన నిష్పత్తి ఉండదు. అందుకే డప్పుకు మోత ఉంటుంది గానీ శ్రుతి నిలవదు. మృదంగం కుడిమూత నడుమనున్న నల్లని పూత ఆ కంపనాలను సరిదిద్ది, దాదాపు పూర్ణాంక నిష్పత్తులలోకి తెస్తుందని రామన్, శివకాళి కుమార్ 1920లో ప్రకటించారు. 1934లో రామన్ ఆ పరిశోధనను విస్తరించాడు. పూర్ణాంక నిష్పత్తి కుదిరితే తప్ప మెదడు ఆ అనుస్వరాలను ఒకే స్వరంగా కూర్చలేదు. పూత పూసినవారికి భౌతికశాస్త్రం తెలియదు, చెవి తెలుసు.

5. బెకెషీ: శవాల చెవులు

గియోర్గ్ బెకెషీ 1899లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత దివాలా తీసిన హంగేరీలో మంచి పరికరాలున్న ప్రయోగశాల తపాలాశాఖ వారిదొక్కటే. 1923లో అక్కడ చేరాడు. ఆ శాఖకు కావలసింది మెరుగైన టెలిఫోను. చెవి ఎంతవరకు పట్టుకోగలదో తెలియకుండా తీగలమీదా యంత్రాలమీదా డబ్బు పోయడం దండగ. అలా ఒక టెలిఫోను ఇంజనీరు చెవిదగ్గరికి వచ్చాడు.

కొత్తగా చనిపోయినవారి కణతఎముకలను సేకరించి, వాటిని ద్రవంలో ఉంచి, కర్ణావర్తాన్ని సూక్ష్మపరికరాలతో తెరిచాడు. పారదర్శకమైన పొరలపై వెండిరజను చల్లి, తెరలుతెరలుగా వెలిగి ఆరే స్ట్రోబోస్కోపు కాంతిలో సూక్ష్మదర్శినితో చూశాడు. హెల్మ్‌హోల్ట్జ్ ఊహించినట్లు ఒక్క తీగ కాక, ఆధారత్వచం మొత్తం కదులుతోంది. అంకవన్నె ఆకారపు స్టేపిస్ ఎముక నెట్టిన చోట మొదలై ఒక అల పొర పొడవునా సాగిపోతోంది. పోతూపోతూ ఒకచోట ఉవ్వెత్తున లేచి, వెంటనే అణగిపోతోంది. తారస్వరానికి ఆ చోటు మొదట్లోనే, మంద్రస్వరానికి చివరన. 1928లో ఆరంభించి అతను వరుసగా ప్రచురించిన ఈ ప్రయాణతరంగ సిద్ధాంతం స్థాననియమాన్ని నిలబెట్టింది, తీగలను తొలగించింది. తరువాత అతను స్వీడన్‌కు, అక్కడి నుంచి హార్వర్డ్‌కు వెళ్లాడు. 1961లో నోబెల్ బహుమతి లభించింది.

అంత నైపుణ్యం గల చేయి శ్రవణశాస్త్రంలో మళ్లీ అరుదు. అయినా అతని ఫలితంలో ఒక లోటు ఉంది. అతను చూసిన తరంగశిఖరం చాలా వెడల్పైనది. పొరలో పెద్దభాగం ఒకేసారి కదులుతుంటే, ఇరుగుపొరుగు శ్రుతులు ఒకదానిపై ఒకటి పడిపోవాలి. తంబురా బిరడా తిప్పే చెవి ఇలా పనిచేయదు. ఈ లోటును బెకెషీ ఎరుగును. నాడీవ్యవస్థ ఆ మొద్దుబారిన శిఖరాన్ని సానపడుతుందని అతని సమాధానం. ద్రవం నింపిన గొట్టంతో పెద్ద కర్ణావర్త నమూనా చేసి, దానిని ముంజేతిపై ఆనించి చూపేవాడు. అల చేతి పొడవునా పాకుతున్నా చర్మానికి ఒక్కచోటే స్పర్శ తెలిసేది. బలమైన ప్రేరణ చుట్టుపక్కల ప్రేరణలను అణచివేస్తుంది కనుక చెవిలోనూ అంతే అన్నాడు. వాదం అందమైనదే. కానీ రెండు విషయాలు మిగిలిపోయాయి. అతను చూసిన చెవులు చచ్చినవి. ఆ కదలిక కంటికి కనిపించడానికి బతికినవారికి నొప్పి పుట్టించేంత పెద్దధ్వని వాడవలసి వచ్చింది. చిన్నధ్వనికీ ఇదే నిష్పత్తిలో జరుగుతుందన్నది ఊహ మాత్రమే. ఆ ఊహ ఊహగా కాక చూసిన సంగతిగా పాఠ్యగ్రంథాలలోకి ఎక్కింది.

6. గోల్డ్: రేడియో తెలిసినవాని వాదం

1948లో రాయల్ సొసైటీ పత్రికలో శ్రవణంపై రెండు పత్రాలు వచ్చాయి. మొదటిది పంఫ్రీ, గోల్డ్ కలిసి రాసినది, రెండోది గోల్డ్ ఒక్కడిది. టామస్ గోల్డ్ వియన్నాలో పుట్టి కేంబ్రిడ్జ్‌లో చదివిన యువకుడు. యుద్ధకాలంలో శత్రుదేశస్థుడిగా నిర్బంధం అనుభవించి, విడుదలయ్యాక బ్రిటిష్ నౌకాదళం కోసం రాడార్‌పై పనిచేశాడు. ఇదే గోల్డ్ అదే ఏడాది స్థిరస్థితి విశ్వసిద్ధాంతకర్తలలో ఒకడయ్యాడు, 1968లో పల్సార్లు తిరుగుతున్న న్యూట్రాన్ తారలని వివరించాడు. చెవి అతనికి ఒక మజిలీ మాత్రమే.

అతని తర్కం సూటిగా ఉంది. శ్రోతలపై చేసిన పరీక్షలను బట్టి చెవిలోని అనునాదకాలు చాలాసేపు మోగగలవని, అంటే చాలా నిశితమైనవని తేలుతోంది. ద్రవపు జిగట వల్ల అవి వెంటనే అణగిపోవాలని లెక్క చెబుతోంది. రెండూ నిజమైతే పోగొట్టుకున్న శక్తిని ఎవరో తిరిగి పోస్తుండాలి. ఆనాటి రేడియో ఇంజనీర్లకు ఈ కిటుకు కొత్త కాదు. సర్క్యూటు నుంచి వెలువడిన సంకేతంలో కొంతభాగాన్ని మళ్లీ లోపలికే తిప్పి, అణగిపోయే కంపనానికి ఊపిరిపోసే పునర్నివేశ పద్ధతి వారికి తెలుసు. చెవిలోనూ అలాంటి యంత్రాంగం ఉందనీ, కర్ణావర్తం శక్తిని ఖర్చుచేసి ధ్వనిని పెంచుకుంటుందనీ గోల్డ్ ప్రతిపాదించాడు. ఇంకొక సాహసం కూడా చేశాడు. మైకును స్పీకరుకు దగ్గరగా పెడితే పెళ్లిపందిట్లో కీచుమని మోగినట్లు, ఈ పునర్నివేశం హద్దుమీరితే చెవి తనంతట తానే మోగాలి, ఆ మోత బయటి మైక్రోఫోనుకు అందాలి అన్నాడు. నాటి పరికరాలకు అలాంటి శబ్దమేదీ అందలేదు.

ఎవరూ నమ్మలేదు. బెకెషీ కళ్లారా చూసిన అల ఒకవైపు, చెవిని తెరిచి చూడని భౌతికశాస్త్రజ్ఞుని లెక్క మరోవైపు. గోల్డ్ ఖగోళశాస్త్రానికి వెళ్లిపోయాడు. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పంఫ్రీ, గోల్డ్ శ్రోతలపై చేసిన ప్రయోగంలో శ్రోతలకు వేరే ఆధారాలు దొరికే వీలుందని 1970లలో దానిని మళ్లీ పరీక్షించినవారు ఎత్తిచూపారు. ఆధారంలో బలహీనత ఉంది, నిర్ణయం సరైనది. శాస్త్రచరిత్రను వీరగాథగా రాసేవారు ఈ ముక్కను వదిలేస్తుంటారు.

7. బతికిన చెవి ప్రతిధ్వని

1965లో బోస్టన్‌లో నెల్సన్ కియాంగ్ బృందం పిల్లి శ్రవణనాడిలోని ఒక్కొక్క పోగు నుంచి సంకేతాలు నమోదు చేసింది. ఒక్కొక్క పోగు ఒక్కొక్క పౌనఃపున్యానికి ఎంతో నిశితంగా స్పందిస్తోంది. మెదడుకు చేరకముందే, నాడి మొదట్లోనే అంత నిశితత్వం ఉంటే, మొద్దు తరంగం ఎక్కడ సానపడింది? పొరకూ నాడికీ మధ్య మరో వడపోత ఉందని కొందరు ఊహించారు. ఆ రెండో జల్లెడ కోసం కొన్నేళ్లు వెతికారు.

1971లో విస్కాన్సిన్‌లో విలియం రోడ్ బతికున్న స్క్విరెల్ కోతుల చెవిలో ఆధారత్వచంపై రేడియోధార్మిక పదార్థపు రేణువును ఉంచి, మోస్‌బావర్ ప్రభావం ద్వారా దాని వేగాన్ని కొలిచాడు. చిన్నధ్వనులకు పొర నిష్పత్తికి మించి కదులుతోంది, ధ్వని పెరిగేకొద్దీ ఆ పెంపు తగ్గుతోంది. కోతి చనిపోగానే ఆ ప్రత్యేకత మాయమవుతోంది. మిగిలింది బెకెషీ చూసిన మొద్దు తరంగమే. ఇతరులు ఇదే ప్రయోగం చేసి ఇలాంటిదేమీ కనపడలేదన్నారు. శస్త్రచికిత్సలోనే వారి జంతువుల చెవులు దెబ్బతిన్నాయని తరువాత అర్థమైంది. 1982లో పశ్చిమ ఆస్ట్రేలియాలో సెలిక్, పటూజీ, జాన్‌స్టన్ గినీపందులపై అతిజాగ్రత్తగా పనిచేసి, ఆరోగ్యంగా ఉన్న చెవిలో పొర కదలిక నాడిపోగంత నిశితంగానే ఉందని చూపారు. రెండో జల్లెడ అవసరం తీరిపోయింది. సాన పట్టినది పొర దగ్గరే.

ఈ లోగా 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ ఇంకా సులువైన మార్గం పట్టాడు. ఎవరి చెవినీ తెరవలేదు. చిన్న స్పీకరునూ సున్నితమైన మైక్రోఫోనునూ కలిపి చెవిరంధ్రంలో బిగించి, టక్కున ఒక శబ్దం పంపి, నిశ్శబ్దాన్ని రికార్డు చేశాడు. సెకనులో వెయ్యోవంతులు ఐదు నుంచి పదిహేను గడిచాక చెవి నుంచి ఒక సన్నని ప్రతిధ్వని వచ్చింది. చెవిరంధ్రం గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని అంత ఆలస్యం కాదు. వినికిడి దెబ్బతిన్న చెవులలో అది రాలేదు. కొన్ని చెవులు ఏ శబ్దమూ పంపకపోయినా సన్నగా మోగుతున్నాయని కూడా తేలింది. గోల్డ్ ముప్పై ఏళ్లనాడు చెప్పిన మోత ఇదే.

శక్తిని పోసేదెవరో 1985లో బయటపడింది. మానవ కర్ణావర్తంలో లోపలివరుస రోమకణాలు సుమారు 3,500, వెలుపలివరుసలవి సుమారు 12,000. వింత ఏమిటంటే శ్రవణనాడి పోగులలో తొంభైశాతానికి పైగా తక్కువ సంఖ్యలో ఉన్న లోపలి కణాల నుంచే బయలుదేరుతాయి. మరి వెలుపలి కణాలు ఎందుకు? విలియం బ్రౌనెల్, అతని సహచరులు వెలుపలి కణాన్ని విడదీసి విద్యుత్ప్రేరణ ఇవ్వగా అది పొడవు తగ్గుతూ పెరుగుతూ నాట్యమాడింది. అవి వినే కణాలు కావు, వినిపించే కణాలు. తరంగం తమ చోటికి రాగానే దానితో లయకలిపి ఊగి, దానిని పెంచి, లోపలి కణాలకు అందిస్తాయి. 2000లో పీటర్ డాలోస్ బృందం ఆ కదలికకు కారణమైన ప్రోటీనును గుర్తించి, సంగీతంలో వేగగతిని సూచించే ప్రెస్టో అన్న ఇటాలియన్ మాట మీదుగా ప్రెస్టిన్ అని పేరుపెట్టింది. పెద్ద మోతలకూ కొన్ని మందులకూ ముందుగా బలయ్యేవి ఈ వెలుపలి కణాలే. మనిషిలో పోయినవి తిరిగి పుట్టవు. మాట వినిపిస్తోంది గానీ సందట్లో అర్థం కావడంలేదని పెద్దలు చెప్పే ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉండేది ఈ నష్టమే. బతికుండగానే వారి చెవి కొంతమేర బెకెషీ చూసిన చెవిగా మారుతోంది.

8. మెదడు వాటా

చెవి నుంచి మెదడుకు దారి ఒకవైపుదే అని చాలాకాలం అనుకున్నారు. 1946లో రాస్మ్యుసెన్ మెదడుకాండం నుంచి కర్ణావర్తానికి తిరిగివచ్చే నాడీపోగులను వివరించాడు. వాటిలో ఒక పాయ సరిగ్గా వెలుపలి రోమకణాలమీద ముగుస్తుంది. అంటే వినదలచినదానిని బట్టి మెదడు చెవిని కొంతమేర బిగించి సడలించగలదు.

పొర మీది స్థానక్రమం నాడీమార్గం పొడవునా చెదరకుండా మెదడులోని శ్రవణవల్కలం దాకా వెళుతుంది. జేబెక్ విన్న లేని స్వరానికి సమాధానం అక్కడ దొరికింది. 2005లో బెండర్, వాంగ్ మార్మోసెట్ కోతుల శ్రవణవల్కలంలో ఒక ప్రత్యేకస్వరానికి స్పందించే కణాలు, ఆ ప్రాథమికం లేకుండా దాని అనుస్వరాలను మాత్రమే వినిపించినా స్పందిస్తున్నాయని చూపారు. ఓమ్ భ్రమ అన్నది మెదడు చేసే పని.

సంగీతం, భాష మెదడులో ఒకేచోట ఉండవనడానికి రష్యన్ స్వరకర్త విస్సారియన్ షెబాలిన్ జీవితం బలమైన సాక్ష్యం. 1959లో రెండోసారి వచ్చిన పక్షవాతం అతని మాటనూ, ఇతరుల మాటను అర్థంచేసుకునే శక్తినీ దెబ్బతీసింది. ఆ స్థితిలోనే తన ఐదవ సింఫనీ పూర్తిచేసి 1963లో మరణించాడు. అలెగ్జాండర్ లూరియా, సహచరులు 1965లో ఈ ఉదంతాన్ని ప్రకటించారు. ఒక్క రోగితో సిద్ధాంతం నిలవదు. కానీ సంగీతమంతా మాటకు అలంకారమన్న వాదం ఆ ఒక్క రోగి ముందు నిలవడం కష్టం.

9. యంత్రకర్ణం, రాగం

కెంప్ ప్రతిధ్వని నేడు ప్రసూతివార్డులలో వినిపిస్తోంది. నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న మొన ఉంచి కొద్ది నిమిషాలలో పరీక్షించే యంత్రం సూత్రం అదే. బిడ్డ చేయి ఎత్తనక్కరలేదు, తల తిప్పనక్కరలేదు, చెవే బదులిస్తుంది. బదులు రాకపోతే తదుపరి పరీక్షలు చేస్తారు. పుట్టుచెవుడు ఏడాదిలోపు బయటపడకపోతే మాట నేర్చే వయసు చేజారుతుంది కనుక ఈ కొద్ది నిమిషాల విలువ పెద్దది.

పూర్తిగా వినపడని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమరుస్తారు. 1957లో పారిస్‌లో జుర్నో, ఐరియేస్ తొలిసారి మనిషి శ్రవణనాడికి విద్యుత్ప్రేరణ ఇచ్చే పరికరం అమర్చారు. 1961లో లాస్‌ఏంజెలెస్‌లో హౌస్, 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ దానిని ముందుకు తీసుకువెళ్లారు. తెలుగు రాష్ట్రాలలో ఆరోగ్యశ్రీ పథకం కింద పేదపిల్లలకు ఈ శస్త్రచికిత్స అందింది. మెల్‌బోర్న్ నుంచి వెలువడి విస్తృతంగా వాడుకలోకి వచ్చిన పరికరంలో 22 విద్యుదగ్రాలు ఉన్నాయి. శార్ఙ్గదేవుని 22 నాడులు గుర్తొస్తే తప్పులేదు, అంతకు మించి ఆ సంఖ్యలో ఏమీ వెతకనక్కరలేదు.

ఈ పరికరంతో మాట బాగా అర్థమవుతుంది. ధ్వనిని నాలుగు పౌనఃపున్య పట్టీలుగా మాత్రమే విభజించి అందించినా మాట తెలుస్తుందని 1995లో షానన్ బృందం నిరూపించింది. మాటకు కావలసింది శబ్దబలం ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గిందన్న బాహ్యరూపం. రాగానికి అది చాలదు. లయ తెలుస్తుంది, తాళం వేయగలరు, కానీ అంతరగాంధారానికీ సాధారణగాంధారానికీ తేడా పట్టడం చాలామందికి కష్టం. కారణం కర్ణావర్తపు ద్రవంలోనే ఉంది. ఒక విద్యుదగ్రం నుంచి వెలువడిన ప్రవాహం ద్రవం గుండా విస్తరించి, తన చోటినే కాక ఇరుగుపొరుగు నాడిపోగులన్నిటినీ ఒకేసారి లేపుతుంది. వెలుపలి రోమకణాలు పెట్టే సాన అక్కడ లేదు. బెకెషీ 1928లో శవం చెవిలో చూసిన వెడల్పైన శిఖరానికి ఇది దగ్గర. దానిని సన్నబరచడానికి పక్కపక్క విద్యుదగ్రాలకు వ్యతిరేక ప్రవాహాలు ఇచ్చి కేంద్రీకరించే యత్నాలూ, విద్యుత్తుకు బదులు కాంతితో నాడిని ప్రేరేపించే ప్రయోగాలూ సాగుతున్నాయి.